ఎంక్వయిరీ అని తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచుకుంటే

ప్రశ్న: మా తమ్ముడు మండల కేంద్రంలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు. పోయిన సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి మఫ్టీలో ఇద్దరు వచ్చి, దొంగ ఫోన్లు కొన్నావట, ఎంక్వయిరీ ఉంది రా అని బండి ఎక్కించుకుపోయారు. మర్నాడు పొద్దున అమ్మా నేనూ స్టేషన్‌కి వెళ్తే లోపలికి రానివ్వలేదు. "కేసేమీ లేదమ్మా, రెండు మాటలు అడిగి పంపించేస్తాం" అన్నారు. బుధవారం రాత్రి పదకొండుకి వదిలారు. ఎఫ్‌ఐఆర్ లేదు, ఏ కాగితమూ ఇవ్వలేదు. అరికాళ్ళ మీద కొట్టారు. రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. వాడి సొంత ఫోను కూడా అక్కడే ఉంచుకున్నారు. మళ్ళీ పిలుస్తాం, ఈసారి మీ అమ్మని కూడా తీసుకురా అన్నారట. అమ్మకి 63 ఏళ్ళు. రాజ్యాంగం హక్కులిచ్చిందని స్కూల్లో చదువుకున్నాం. అవి మాలాంటివాళ్ళకి నిజంగా పనికొస్తాయా? వస్తే ఎలా వాడుకోవాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, హక్కుల సంగతికి వచ్చేముందు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. తమ్ముణ్ణి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. అరికాళ్ళ దెబ్బలు పైకి పెద్దగా కనపడవు, వాపు తీసిందంటే ఆనవాలు కూడా మిగలదు. డ్యూటీ డాక్టరు "ఎలా తగిలింది" అని అడుగుతారు. అక్కడ భయపడి "జారిపడ్డాడు" అన్నారనుకోండి, రికార్డులోకి అదే ఎక్కుతుంది. రేపు కోర్టులో మీరెంత చెప్పుకున్నా అవతలి లాయరు ముందుగా తీసేది ఆ కాగితమే. ఫలానా తేదీల్లో పోలీస్ స్టేషన్‌లో కొట్టారని ఉన్నదున్నట్టు చెప్పండి, మెడికో లీగల్ కేసుగా రాయమనండి. అలా రాస్తే ఆసుపత్రి నుంచి సమాచారం పోలీసులకే వెళ్తుంది. అది పద్ధతి, దానికి బెదరక్కర్లేదు. రాయడానికి వెనకాడితే కనీసం ఓపీ చీటీ మీదైనా ఎక్కడెక్కడ వాపుందో రాయించుకోండి. ఆ చీటీ పోగొట్టుకోవద్దు.

ఇక మీ ప్రశ్న. పనికొస్తాయి. కానీ హక్కు నడిచేది రెండింటి మీద: గడియారం, కాగితం. మీ తమ్ముడి విషయంలో ఆ రెండూ స్టేషన్‌వాళ్ళ చేతిలోనే ఉండిపోయాయి. కేసు లేదు కాబట్టి ఆయన్ని ఎప్పుడు పట్టుకున్నారో ఎక్కడా రాయలేదు. రాయలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ రెండింటినీ మీ చేతిలోకి తెచ్చుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు గడియారం. రాజ్యాంగంలో 22వ అధికరణం రెండో క్లాజు ప్రకారం, అరెస్టు చేసిన మనిషిని ప్రయాణానికి పట్టే సమయం కాక 24 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా ఆపైన ఒక్క గంట కూడా ఉంచుకోకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 58వ సెక్షన్‌లో ఇదే మాట చెప్తుంది. ఇకమీద చట్టం పేరు లేకుండా సెక్షన్ నంబరు మాత్రమే చెప్తే అది ఈ చట్టంలోదే. మీ తమ్ముడి లెక్కన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆయన మేజిస్ట్రేటు ముందైనా ఉండాలి, ఇంట్లోనైనా ఉండాలి. అప్పటినుంచి బుధవారం రాత్రి పదకొండు దాకా గడిచిన ఇరవై అయిదున్నర గంటలు పూర్తిగా చట్టవిరుద్ధం. నిజానికి, కారణం చెప్పకుండా, కాగితం రాయకుండా తీసుకెళ్ళారు కాబట్టి మొదటి గంట నుంచీ చట్టవిరుద్ధమే.

24 గంటలే ఎందుకు పెట్టారు? పట్టుకున్నవాడే ఉంచుకోవాలా వద్దా అని తేల్చకూడదు గనక. పోలీసులు ప్రభుత్వం కింద పనిచేస్తారు. మేజిస్ట్రేటు హైకోర్టు అజమాయిషీలో ఉంటారు, ఎస్పీ కాదు గదా హోంమంత్రి కూడా ఆయనకి ఆర్డరు వేయలేరు. మనిషి ఒంటి మీద దెబ్బ పడే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి రోజే. ఆ ఒక్కరోజులో బయటి కన్ను ఒకటి తప్పనిసరిగా పడాలని రాజ్యాంగం రాసినవాళ్ళు పట్టుబట్టి పెట్టిన ఏర్పాటు ఇది. అధికార విభజన అని పాఠ్యపుస్తకాల్లో చదివింది మీ ఊళ్ళో ఇలా కనిపిస్తుంది: స్టేషన్ ఒకచోట, కోర్టు మరోచోట, మధ్యలో 24 గంటల గడువు.

"అరెస్టే చేయలేదు, ఎంక్వయిరీకి పిలిచాం" అన్నారు కదా. ఈ మాట పాతదే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళొచ్చింది. 1994 జనవరి 7న ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్‌లో జోగిందర్ కుమార్ అనే యువ న్యాయవాదిని పోలీసు ఉన్నతాధికారి పిలిపించారు. పదిగంటలకి అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని తానే వెళ్ళాడు. ఎంతకీ పంపకపోయేసరికి మధ్యాహ్నం 12.55కి ఆయన సోదరుడు ముఖ్యమంత్రికి టెలిగ్రాం ఇచ్చాడు, మావాణ్ణి ఏదో కేసులో ఇరికిస్తారేమోనని. తర్వాత కోర్టులో పోలీసులు చెప్పిందేమిటంటే, ఆయన నిర్బంధంలో లేడు, కొన్ని కేసుల్లో సాయం తీసుకుంటున్నాం అని. సాయమే అయితే అయిదు రోజులు ఉంచుకోవడం ఎందుకని కోర్టు నిలదీసింది. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, చేయడానికి తగిన కారణం ఉండటం వేరు అని ఆ తీర్పులో తేల్చి చెప్పింది. ఆ 12.55 చూశారా? ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ నిమిషం మనకి తెలుస్తోందంటే, ఆ పూటే ఒక టెలిగ్రాం వెళ్ళింది కాబట్టి. గడియారం ఎప్పుడు మొదలైందన్న దానిపై తెలంగాణ హైకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది: రికార్డులో అరెస్టు చూపించిన టైము నుంచి కాదు, మనిషిని నిజంగా అదుపులోకి తీసుకున్న టైము నుంచి లెక్కపెట్టాలి.

మరి పోలీసులు కాగితం రాయకుండా ఎందుకు ఉంచుకుంటారు? కారణం తెలిస్తే సగం భయం తగ్గుతుంది. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్‌లో ఉందిది, బ్రిటిష్‌వాళ్ళ కాలంనాటి నియమమే. ఒక్క మినహాయింపుంది: నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడ్డ మేరకు ఆ మాట చెల్లుతుంది. అందుకే అందరి తాపత్రయమూ 'రికవరీ' కోసమే. ముందు నాలుగు ఫోన్లు రాబట్టాలి, ఆ తర్వాత తీరిగ్గా అరెస్టు చూపించాలి. తెల్ల కాగితాల మీద సంతకాలు కూడా చాలామట్టుకు ఇందుకే, పంచనామాకో అంగీకారానికో పనికొస్తాయని. అసలు పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెప్తోంది. కాబట్టి ఆ కాగితాల గురించి మీరు ఇప్పుడే రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, రేపు వాటి మీద ఏం రాసుకొచ్చినా మీ ఫిర్యాదు తేదీ ముందుంటుంది. ఆలస్యమైతే "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం చాలా కష్టం.

ఎస్పీ గారికి పంపాల్సిన ఫిర్యాదు ఒక పేజీ చాలు. ఆవేశం, తిట్లు, బతిమాలుకోవడం వద్దు. టైములు ముఖ్యం. ఇలా రాయండి:

"అయ్యా, నా తమ్ముడు (పేరు, వయసు, షాపు చిరునామా)ను ఫలానా తేదీ రాత్రి 9.30 గంటలకు మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులు షాపు నుంచి ఫలానా స్టేషన్‌కు తీసుకెళ్ళారు. వచ్చిన బండి నంబరు ఇది. పక్క షాపులో సీసీ కెమెరా ఉంది. అరెస్టు కారణాలు చెప్పలేదు, అరెస్టు మెమో ఇవ్వలేదు. మర్నాడు ఉదయం ఇన్ని గంటలకు నేను, మా అమ్మ స్టేషన్‌కు వెళ్ళగా చూడనివ్వలేదు. ఫలానా తేదీ రాత్రి 11 గంటలకు వదిలారు. ఈ మధ్యలో ఏ మేజిస్ట్రేటు ముందూ హాజరుపరచలేదు. అరికాళ్ళపై కొట్టారు, ఓపీ చీటీ జతపరిచాను. రెండు తెల్ల కాగితాలపై బలవంతంగా సంతకాలు తీసుకున్నారు. వాటిపై ఏమి రాసినా మాకు సంబంధం లేదు. ఈ ఐఎంఈఐ నంబరు గల ఫోను రసీదు లేకుండా ఉంచుకున్నారు. ఆ తేదీల స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీని చెరిగిపోకుండా భద్రపరచాలని, విచారణ జరిపి చర్య తీసుకోవాలని కోరుతున్నాను."

బండి నంబరు గుర్తులేకపోతే వదిలేయండి, ఊహించి రాయొద్దు. ఒక్క తప్పు దొరికితే మొత్తం ఫిర్యాదునే అబద్ధమంటారు. ఐఎంఈఐ అంటే ఒక్కో ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, ఫోను కొన్న డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. ఈ ఫిర్యాదుని అక్‌నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అదే రోజు ఎస్పీ ఆఫీసు మెయిల్‌కి కూడా. కాపీ ఒకటి డీఎస్పీకి, ఒకటి మీ పరిధిలోని మేజిస్ట్రేటుకి. వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు.

సీసీ కెమెరా సంగతి విడిగా చెప్పాలి. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ గేటు, లాకప్పు, వరండా, రిసెప్షను, ఎస్సై, సీఐ గదులతో సహా కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు నిలవ ఉంచాలని ఆదేశించింది. అంత నిలవచేసే పరికరాలు దొరక్కపోయినా ఏడాదికి తగ్గకూడదంది. స్టేషన్‌లో హింస జరిగిందంటే మానవ హక్కుల కమిషన్‌గానీ కోర్టుగానీ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. "ఆ రెండు రోజులూ కెమెరా పనిచేయలేదు" అనే జవాబు వస్తుందనే అనుకోండి. అనుకునే అడగండి. సరిగ్గా ఆ రెండు రోజులే పనిచేయలేదని వాళ్ళు రాసిస్తే ఆ రాత కూడా మీకు సాక్ష్యమే. దీనికి సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు, రుసుము పది రూపాయలు మించదు. మామూలుగా 30 రోజుల గడువుంటుంది. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టం 7వ సెక్షన్‌లో ఉంది. మనిషి లోపలున్నప్పుడు దరఖాస్తు వేస్తే, పైన ఆ మాట స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు మళ్ళీ పిలిస్తే ఏం చేయాలో చూద్దాం. దొంగసొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, శిక్ష మూడేళ్ళ దాకా. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు మామూలు పద్ధతి కాదు. ముందు నోటీసు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమానికి పదును పెట్టింది: కారణాలు రాయకుండా అరెస్టు చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్యతోపాటు కోర్టు ధిక్కారం కూడా ఉంటుందంది. స్టేషన్లలో ఇప్పటికీ '41ఏ నోటీసు' అనే అంటారు, నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). ఆ నోటీసు చేతికివ్వాలి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫోన్ వస్తే "నోటీసు ఇవ్వండి సార్, తప్పకుండా వస్తాను" అనమనండి. మాట మర్యాదగా ఉండాలి, అర్థం గట్టిగా ఉండాలి.

నోటీసు వచ్చాక మాత్రం ఎగ్గొట్టొద్దు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. నోటీసుకి హాజరవుతున్నంతకాలం, కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాలేదంటే ఆ రక్షణ పోతుంది, అరెస్టుకి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు చీటీ జతచేసి వేరే తేదీ అడుగుతూ కాగితం పంపాలి. వెళ్ళేటప్పుడు లాయర్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ప్రశ్నించినంతసేపూ పక్కన కూర్చోనివ్వకపోవచ్చుగానీ, మధ్యలో కలిసే హక్కు 38వ సెక్షన్ ఇస్తోంది. ప్రశ్నలకి జవాబు చెప్పాలి, అయితే తనని నేరంలో ఇరికించే జవాబు చెప్పక్కర్లేదు. అది 20వ అధికరణం ఇచ్చిన హక్కు. షాపులో పాత ఫోన్లు కొంటే అమ్మినవారి ఆధార్ కాపీ, సంతకం, ఐఎంఈఐ నంబరు రాసిన రిజిస్టరు ఉందా? ఉంటే దాని ఫొటోకాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. లేకపోతే ఇవాళ్టినుంచైనా మొదలుపెట్టమనండి. కేంద్ర ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ సైటులో ఐఎంఈఐ కొడితే ఆ ఫోను బ్లాకైందో లేదో తెలిసిపోతుంది. "తెలియక కొన్నాను" అని నోటితో చెప్పడం కన్నా అలాంటి రిజిస్టరు వెయ్యి రెట్లు మేలు.

నోటీసు లేకుండా మళ్ళీ ఎత్తుకెళ్ళారే అనుకోండి. ఆ మొదటి గంటలో కంగారులో పదిమందికి ఫోన్లు చేస్తాం, పెద్దమనిషి కోసం, పార్టీ నాయకుడి కోసం పరుగెడతాం. తప్పు పట్టను, మనూళ్ళలో అదే అలవాటు. కానీ అన్నిటికన్నా ముందు 112కి ఫోన్ చేయండి. "మా తమ్ముణ్ణి పోలీసులమని చెప్పి ఎవరో తీసుకెళ్ళారు, ఏ స్టేషన్నో తెలియదు" అని చెప్పండి. ఆ కాల్ టైముతో సహా రికార్డవుతుంది. తర్వాత ఎస్పీ ఆఫీసుకి రెండు వాక్యాల మెయిలు. 2013 జూలైలో టెలిగ్రాంలు ఆగిపోయేదాకా వకీళ్ళు మొదట చెప్పే మాట "ముందు టెలిగ్రాం కొట్టండి" అనే. తపాలా ముద్రతో పడిన ఆ టైముని ఎవరూ మార్చలేరు. ఇప్పుడా పని మెయిలుతో చేయాలి. తర్వాత స్టేషన్‌కి వెళ్ళి అరెస్టు మెమో అడగండి. ఇంటివాళ్ళో ఊళ్ళో గౌరవస్తులో ఒకరు సాక్షి సంతకం చేసిన మెమో ఉండి తీరాలని 36వ సెక్షన్ చెప్తోంది. అరెస్టయినవాళ్ళ పేర్లు స్టేషన్‌లో బోర్డు మీద పెట్టాలని 37, ఇంటివాళ్ళకి తెలపాలని 48. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా? కోల్‌కతాలో న్యాయ సహాయ సంస్థ నడిపే డి.కె. బసు 1986 ఆగస్టులో, లాకప్ మరణాల మీద పేపర్లలో వచ్చిన వార్తలు చూపిస్తూ ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్న సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న పదకొండు నియమాలు విధించింది. పార్లమెంటు తర్వాత వాటిలో చాలావాటిని చట్టంలోకి ఎక్కించింది.

మనిషి ఎక్కడున్నాడో తెలిసీ వదలకపోతే రెండు దారులున్నాయి. మొదటిది చాలామందికి తెలియదు. 100వ సెక్షన్ కింద మీ ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుకిగానీ ఆర్డీవోకిగానీ సెర్చ్ వారంటు పిటిషను వేయొచ్చు, ఫలానా చోట ఫలానా మనిషిని అక్రమంగా బంధించారు, వెతికించి ముందుకి రప్పించండి అని. అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తన తరఫున నియమించే లాయర్ని, నేరుగా స్టేషన్‌కి పంపి చూసిరమ్మన్న సందర్భాలూ ఉన్నాయి. హైకోర్టు కన్నా ఈ కోర్టు మీకు దగ్గర, ఖర్చు తక్కువ, త్వరగా అయ్యే పని.

రెండోది హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని అడిగే పిటిషను. 226వ అధికరణం కింద. దీనికి లోపలున్న మనిషి సంతకం అక్కర్లేదు, అక్కగా మీరే వేయొచ్చు. మీది ఆంధ్రప్రదేశ్ అయితే అమరావతిలో, తెలంగాణ అయితే హైదరాబాద్‌లో. ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఎస్పీ, హోంశాఖ ప్రతివాదులు. మీ అఫిడవిట్, మీరు పంపిన మెయిలు కాపీ, 112 కాల్ టైము జతచేయాలి. పొద్దున కోర్టు కూర్చోగానే అత్యవసరమని చెప్పుకుంటే మధ్యాహ్నం భోజన విరామం తర్వాత వినడాన్ని లంచ్ మోషన్ అంటారు. సెలవు రోజైతే హౌస్ మోషన్. ఆదివారమైనా సంక్రాంతైనా మనిషి స్వేచ్ఛ విషయంలో ఆ తలుపు తడితే తీస్తారు. సాధారణంగా జరిగేదేమిటంటే, పిటిషను వేశారన్న కబురు ప్రభుత్వ న్యాయవాది ద్వారా జిల్లాకి చేరేసరికి మనిషిని ఇంటికి పంపేస్తారు, లేదా అప్పటికప్పుడు అరెస్టు చూపించి మేజిస్ట్రేటు ముందు పెడతారు. అప్పుడు రిట్ మూసేస్తారు. ఓడిపోయామనుకోవద్దు, వచ్చిన పని అయింది. ఒక్కటి గుర్తుంచుకోండి: మేజిస్ట్రేటు రిమాండు వేశాక హెబియస్ కార్పస్ మామూలుగా నిలవదు, బెయిల్ దారే పట్టాలి. అందుకే ఆలస్యం పనికిరాదు.

ఈ తలుపునే ఒకసారి మూసేశారు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో, ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మాటగా, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధం అక్రమమని కోర్టుకి వెళ్ళే దారే లేదంది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు, దాంతో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ని దాటి మరొకరికి పోయింది. 1978లో 44వ సవరణ వచ్చింది. ఇప్పుడు ఎమర్జెన్సీ పెట్టినా 20వ అధికరణం కోసం, ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే 21వ అధికరణం కోసం కోర్టుకెళ్ళే హక్కుని ఆపలేరు. ఆ 1976 తీర్పుని సుప్రీంకోర్టే 2017లో పుట్టస్వామి కేసులో కొట్టేసింది. రాజ్యాంగం కూడా దెబ్బతింటుంది, దాన్ని సరిచేసుకునే ఏర్పాటు దానిలోనే ఉంది. హక్కుల కోసం సుప్రీంకోర్టుకెళ్ళే 32వ అధికరణాన్ని అంబేడ్కర్ రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నది అందుకే.

పోలీసులు పద్ధతిగానే అరెస్టు చేసి కోర్టుకి తెస్తే ఆ అయిదు నిమిషాలూ చాలా విలువైనవి. అరెస్టు కారణాలు రాసి, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అదీ మేజిస్ట్రేటు ముందుకి తెచ్చేందుకు కనీసం రెండు గంటల ముందు చేతికి రావాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు తెలుగులో కావాలని అడగండి. అదే ఏడాది ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసు వచ్చింది. హర్యానాలో అరెస్టయిన ఆయన్ని ఆసుపత్రి మంచానికి బేడీలు, గొలుసుతో కట్టేశారు. అరెస్టు కారణాలు చెప్పలేదని తేలడంతో ఆ అరెస్టే చెల్లదని కోర్టు విడిచిపెట్టమంది. మేజిస్ట్రేటు "పోలీసులు కొట్టారా" అని అడుగుతారు. వెనక ఎస్కార్టు కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, దార్లో బెదిరించి తెచ్చి ఉంటాడు, "లేదండి" అనేస్తారు. ఆ ఒక్క మాట రిమాండు ఉత్తర్వులో "ఎలాంటి ఫిర్యాదూ లేదు" అని పడుతుంది. తమ్ముడికి ఇది ఇప్పుడే చెప్పిపెట్టండి: కొడితే అక్కడే చెప్పాలి, దెబ్బలు చూపించాలి. లాయరు లేకపోతే కోర్టులో రిమాండ్ అడ్వకేట్ ఉంటారు, పైసా ఇవ్వక్కర్లేదు. మూడేళ్ళ శిక్ష కేసులో 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. 61వ రోజు పొద్దున్నే పిటిషను వేయాలి. చార్జిషీటు ముందు పడిందంటే ఆ హక్కు పోతుంది.

ఒక మినహాయింపు చెప్పకుండా ఉండలేను. పీడీ యాక్టు అనే 1986 నాటి చట్టం కింద కలెక్టరుగానీ కమిషనరుగానీ ముందస్తు నిర్బంధం ఉత్తర్వు ఇస్తే 24 గంటల నియమం వర్తించదు, ఏడాది దాకా ఉంచొచ్చు. అక్కడ కూడా అయిదు రోజుల్లో కారణాలివ్వాలి, మూడు వారాల్లో సలహా మండలి ముందు పెట్టాలి. ఈ చట్టాన్ని అయినదానికీ కానిదానికీ వాడటాన్ని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసుల్ని ఉద్దేశించి గట్టిగా తప్పుపట్టింది. మీ తమ్ముడి విషయం అంతదాకా వెళ్ళేది కాదు.

పోయిన రెండు రోజులకి పరిహారం అడగొచ్చా అంటే అడగొచ్చు. బిహార్‌లో రుదుల్ సా అనే ఆయన 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే మగ్గాడు. 1983లో సుప్రీంకోర్టు రిట్‌లోనే 35 వేల రూపాయలు ఇప్పించింది, హక్కు భంగానికి డబ్బు రూపంలో పరిహారం అన్న దారి అక్కడ తెరుచుకుంది. మన దగ్గర కోయిలకుంట్ల సబ్‌జైలు కేసుంది. 1977 మే నెలలో అర్ధరాత్రి దాటాక బయటివాళ్ళు జైల్లోకి చొరబడి బాంబులు వేస్తే, లోపలున్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయపడ్డారు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా కాపలా పెట్టలేదు. ఇది ప్రభుత్వ సార్వభౌమాధికారం, దావా కుదరదని రాష్ట్రం వాదించింది. 21వ అధికరణం ముందు ఆ వాదన నిలవదని హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో ఇప్పించింది, 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చూశారుగా, ఇరవై మూడేళ్ళు పట్టింది. పరిహారం దారి నెమ్మది, దాని మీదే ఆశ పెట్టుకోకండి. మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు మాత్రం తేలిక, లాయరు అక్కర్లేదు. కర్నూలులో ఆంధ్రప్రదేశ్ కమిషన్, హైదరాబాద్‌లో తెలంగాణది. జరిగిన ఏడాదిలోపే చేయాలి.

డబ్బు గురించి దిగులు పడొద్దు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, నిర్బంధంలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరుని ఇవ్వాలి. పిటిషను వేసేది మీరు కాబట్టి మీకే ఆ హక్కుంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల కమిటీకి వెళ్ళండి. మీ ఫిర్యాదు కాపీలు, ఓపీ చీటీ తీసుకెళ్ళండి.

ఫోను సంగతి: రసీదు లేకుండా ఉంచుకున్నారని ఎస్పీకి రాసే కాగితంలోనే పెట్టాం. అది ఏదైనా కేసులో స్వాధీనం చేసుకున్నారా అని కూడా అందులోనే అడగండి. చేసుకుంటే పంచనామా ఉండాలి, వీడియో తీసి ఉండాలి, మేజిస్ట్రేటుకి తెలిపి ఉండాలి. అప్పుడు 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకి పిటిషను వేసి పూచీకత్తు మీద తెచ్చుకోవచ్చు. కేసే లేకపోతే దాన్ని ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఈలోగా బ్యాంకు యాప్‌లు ఆపించి, డూప్లికేట్ సిమ్ తీసుకోమనండి.

మీ అమ్మగారు స్టేషన్ గడప తొక్కాల్సిన పని లేదు. ఆడవాళ్ళని, అరవై దాటిన మగవాళ్ళని సాక్షిగా విచారించాలంటే వాళ్ళుండే ఇంటికే రావాలని 179వ సెక్షన్ చెప్తోంది. ఆడవాళ్ళకి వయసుతో పనిలేదు. పిలిస్తే ఆ సెక్షన్ నంబరు, ఆవిడ వయసు, మీ ఇంటి చిరునామా రాసి, ఫలానా రోజు పగలు ఎప్పుడొచ్చినా ఇంట్లో ఉంటారని కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.